పచ్చిపసుపు తట్ట

జనవరి 29, సోమవారం

జీలుగుపుట్టు కొండ మీది నుంచి పన్నెండు రక్తం ట్యూబులతో అరకు ల్యాబుకి దిగొచ్చాను. ఒక్కటీ పగల్లేదు. విజయనగరంలో ల్యాబు వాళ్లు పేర్లు తారుమారు చేశానని నన్ను పంపించేసినప్పుడు, ఇంక రక్తం ముట్టుకోనని ఒట్టు పెట్టుకున్నాను. ఇవాళ కొండ మీద బడి వరండాలో కూర్చుని పన్నెండు మంది చేతులకి రబ్బరు పట్టీ కట్టాను. ఒట్లు నాకు అచ్చిరావు.

పొద్దున మంచు ఎంత దట్టంగా ఉందంటే, జీపు ఆగిన చోట ఊరు ఉందని డ్రైవరు వరహాలరావు గారు చెబితే నమ్మాలి అంతే. కోళ్లు వినబడ్డాయి. పసుపు ఉడుకుతున్న వాసన వచ్చింది. ఆ తర్వాత మనుషులు ఒక్కొక్కరే మంచులోంచి బయటికి వచ్చారు. అందరికన్నా ముందు చెయ్యి చాచింది కనక. నాలుగు నెలల ఆడపిల్లని ఒళ్లో పెట్టుకుని పాలిస్తూనే రెండో చెయ్యి నాకిచ్చింది. ఊరివాళ్లని ఒప్పించిందీ తనే.

"నా రగతంలో ఏటి సూత్తావు మేడమ్మా?" అంది.

చెప్పాను. రక్తంలో కణాలని ఒక్కొక్కటిగా వరస కట్టించి వెలుగు ముందు నుంచి పంపిస్తాం. కణానికి తగిలి ముందుకు చెదిరే వెలుగు అది ఎంత పెద్దదో చెబుతుంది. పక్కకి చెదిరేది లోపల ఎంత గరుకుగా ఉందో చెబుతుంది. దాన్నిబట్టి రోగంతో పోట్లాడే కణాలు ఏవో విడదీసి, క్షయ మీద మీ ఒంట్లో కాపలా ఎలా ఉందో చూస్తాం అన్నాను.

"అయితే మా నీడలు సూత్తావన్నమాట," అంది కనక. పిల్ల తాగడం ఆపి నన్ను ఒకసారి చూసి మళ్లీ తాగింది.

కణం లోపలి సంగతి తీసిన నిమిషంలో ఎలా ఉందో అలాగే కావాలి. అందుకని అక్కడే, వరండాలోనే ఫిక్సింగ్ మందు వేశాను. మందు పడితే కణాలు ఎక్కడివక్కడ బిగుసుకుపోతాయి. దారంతా ట్యూబుల పెట్టె ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి మబ్బుల్ని చూస్తూ వచ్చాను. నేను ఈ మధ్య చూడటమే ఎక్కువ, పని తక్కువ అని నాకే అనిపిస్తోంది.

జనవరి 31, బుధవారం

ట్యూబుల్లో మిథనాల్ పోశాను. కణం పొరకి కన్నాలు పడితేగాని రంగు లోపలికి వెళ్లదు. ఐసు మీద అరగంట. గడియారం చూసుకున్నాను. అరగంటే.

ఫిబ్రవరి 1, గురువారం

మిషను ముందు కూర్చుంటే నాకు టైము తెలియదు. నల్లటి తెర మీద చుక్కలు రాలుతూ ఉంటాయి. మొదట పదీ ఇరవై, తర్వాత వందలు, వేలు. చూస్తూండగానే అవి మబ్బులవుతాయి. ఒక మబ్బు కింద, ఒకటి పైన, మధ్యలో ఏమీ లేని చీకటి. అరకు లోయ మీద నుంచి తెల్లవారుజామున చూస్తే ఇలాగే ఉంటుంది. ఒక్కోసారి మిషను పని అయిపోయి శబ్దం ఆగినా నేను చూస్తూనే ఉంటాను.

ఇవాళ మబ్బులు పలచగా ఉన్నాయి. పన్నెండు మందిలో పన్నెండు మందికీ కాపలా కణాలు తక్కువ. కనకకి మరీను. నేను గీసిన గేటులో, అంటే ఆ కణాలు ఉండవలసిన చోట చుట్టూ గీసే గీతలో, వందకి నాలుగు కూడా పడలేదు. ఆ గేటు డిసెంబరులో అరకు ఊళ్లోవాళ్ల రక్తం మీద గీశాను. తాజా రక్తం, మందులేవీ వెయ్యలేదు. చక్కగా కుదిరింది. గేటులో తప్పు లేదు.

కొండ మీద తిండి అలాంటిది మరి. రాగి అంబలి (చోడి అంటారిక్కడ), ఎండుచేప. కాపలా ఎక్కడి నుంచి వస్తుంది?

తెరకి ఎడమ చివర, అడ్డుగీత దగ్గర సగం తెగిపోయిన మబ్బొకటి ఉంది. ఇంతకన్నా చిన్నవి లెక్కలోకి రాకూడదని మిషనుకి పెట్టే గీత అది. ఆ దగ్గర ఉండేది చెత్తే.

ఫిబ్రవరి 2, శుక్రవారం

విశాఖ నుంచి ప్రసన్న మేడమ్ ఫోను. ఈ పరిశోధనకి పెద్ద ఆవిడే. ఫలితాలు చూసి, "వింతగా ఉన్నాయి సాహితీ. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తానికి ఇవే మందులు వేసి పోల్చి చూశావా?" అని అడిగారు.

"చూశాను మేడమ్."

"సరే. మళ్లీ చేసి చూసేవరకు ఎవరికీ ఏమీ చెప్పకు."

చూసినట్టే లెక్క. డిసెంబరులో చూశాను కదా.

ఫిబ్రవరి 9, శుక్రవారం

సంతలో కనక కనిపించింది. అడ్డాకుల మోపు ముందు పెట్టుకుని, పిల్లని వీపున కట్టుకుని కూర్చుంది. నన్ను చూసి నవ్వి, "నా నీడలు బాగున్నాయా మేడమ్మా?" అంది.

నేను అటూ ఇటూ చూసి పక్కన కూర్చున్నాను. నీ ఒంట్లో కాపలా బాగా తగ్గిపోయింది, ఏదో రోగం లోపల తినేస్తున్నట్టుంది, విశాఖ నుంచి కబురు వచ్చేదాకా పిల్లకి పాలివ్వకు, దానికీ అంటుతుందేమో అని చెప్పాను.

ఆమె అడ్డాకులు సర్దుతూ వింది. సర్దినవే మళ్లీ సర్దింది.

"మరి అది ఏటి తాగుతాది?"

"డబ్బా పాలు దొరుకుతాయి కదా."

"నాకేటీ నొప్పి నేదు. కొండెక్కుతున్నాను, దిగుతున్నాను," అంది. తర్వాత తనే, "నువ్వు సదువుకున్నావు. నువ్వు సెప్తే నిజమే అవుతాది," అంది.

మేడమ్ చెప్పొద్దన్న మాట నిజమే. కానీ తెలిసీ ఊరుకుంటే రేపు పిల్లకి ఏమైనా అయితే ఆ పాపం ఎవరిది? మంచికే చెప్పాను.

ఫిబ్రవరి 10, శనివారం

మంచికే చెప్పాను.

ఫిబ్రవరి 16, శుక్రవారం

కనక సంతకి రాలేదు. వరహాలరావు గారు టీ తాగుతూ చెప్పారు. ఆయనది సాలూరు, ఏ కొండ కబురైనా ఆయన జీపెక్కే వస్తుంది.

"పాలు పొంగకుండా గుండెలకి గుడ్డ బిగించి కట్టేసుకుందటండి. దాని అత్త ముత్యాలమ్మ నేదూ, ముసిల్ది, తిండి మానేసి కూకుంది. ఊళ్లో ఒకటే మాట. ఆ ఇంట్లో నీల్లు తాగొద్దని మేడమ్ సెప్పిందని."

"నేను అలా అనలేదండీ."

"మీరనలేదండి. మాట కొండెక్కేసరికి మారిపోద్ది."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన వెళ్లాక కూడా అనలేదు, అనలేదు అని గోడతో చెప్పుకుంటూ కూర్చున్నాను.

ఫిబ్రవరి 18, ఆదివారం

కల. మంచులో గేటు దగ్గర నిలబడి ఉన్నాను. జీలుగుపుట్టు వాళ్లంతా వరసలో వస్తున్నారు. అందరూ చిన్నగా, నా మోకాలి ఎత్తున ఉన్నారు. మీరు చిన్నవాళ్లు, లోపలికి రాకూడదు అంటున్నాను. వాళ్లు గొడవ చెయ్యలేదు. పక్క నుంచి మంచులోకి వెళ్లిపోయారు. చివర్లో కనక వచ్చి, "నేనేనమ్మా," అంది. నేను వినలేదు.

లేచాక కూడా చాలాసేపు మంచు వాసన వచ్చింది.

ఫిబ్రవరి 23, శుక్రవారం

పిల్లకి విరేచనాలట. డబ్బా పాలు పడటం లేదు. చోడి జావ పట్టిస్తే కక్కేస్తోందట. కనక పిల్లని అత్తకి అప్పజెప్పి బయట చూరు కింద పడుకుంటోందట, తన గాలి తగలకూడదని.

రెండు పాలడబ్బాలు, విరేచనాలకి నీళ్లలో కలిపి పట్టే పొట్లాలు కొని వరహాలరావు గారికి ఇచ్చాను. ఆయన వాటిని చేతిలో తిప్పి చూసి, "డబ్బాలెందుకండి, మీరే ఓపాలి ఎల్లరాదా," అన్నారు.

తల నొప్పిగా ఉందన్నాను. నొప్పి లేదు.

ఫిబ్రవరి 29, గురువారం

వెళ్లాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయినా, వెళ్లాను.

కనక చూరు కింద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. మొహం సగమైపోయింది. లోపల పిల్ల ఏడుస్తోంది. గట్టిగా ఏడ్చే ఓపిక కూడా లేని ఏడుపు. ఏడుపు వచ్చినప్పుడల్లా కనక రెండు చేతులూ చంకల్లో పెట్టుకుంటోంది. నేను పక్కన కూర్చుంటే కొంచెం దూరం జరిగింది. కోపంతో కాదు, నాకు అంటకూడదని. నాకు అక్కడే చచ్చిపోవాలనిపించింది.

ముత్యాలమ్మ నాతో మాట్లాడలేదు. మధ్యాహ్నం కొండ మీద మబ్బు పట్టింది. ఉడకబెట్టి ఎండేసిన పసుపు కళ్లంలో ఉంది, తడిస్తే పాడైపోతుంది. ముత్యాలమ్మ తన కొడుకుని, అంటే కనక మొగుడు ధర్మని కేకేసి, అతను కనబడక నావైపు తిరిగి, "ఊరికే కూకోకపోతే నువ్వైనా రా. బేగి," అంది.

గోడకి వేలాడుతున్న తట్ట ఒకటి తీసుకుని పరిగెత్తాను. ఎండు పసుపు కొమ్ములు చేతుల్తో ఎత్తి నిండా పోసుకున్నాను, తల మీద పెట్టుకున్నాను, గబగబా నడిచాను. గుమ్మం దగ్గర దించి చూస్తే తట్టలో సగం లేదు. వెనక్కి తిరిగి చూస్తే కళ్లం నుంచి గుమ్మం దాకా దారంతా పసుపు కొమ్ములు, చిన్నచిన్నవి, నేను నడిచిన చోటల్లా. ముత్యాలమ్మ ఒంగి ఏరుకుంటూ వస్తోంది.

"ఏటి గుంటా, పచ్చిపసుపు తట్టలో ఎండుది ఏసీనావా," అంది. "అది తవ్వినప్పుడు మట్టి రాల్చే తట్ట. ఉడికి ఎండినాక కొమ్ము సిక్కిపోద్ది గదా. కన్నాల్లోంచి జారిపోకేటౌద్ది? పసుపు తక్కువైపోనేదు. నీ తట్టలో నిలవనేదు, అంతే."

నేను ఆ తట్టని పట్టుకుని అలాగే నిలబడిపోయాను. వాన మొదలైంది. ముత్యాలమ్మ ఏదో అంటోంది, వినబడలేదు. నా కళ్ల ముందు నల్లటి తెర, ఎడమ చివర సగం తెగిపోయిన మబ్బు.

మందు పడితే కణం కుంచించుకుపోతుంది. కన్నాలు పడితే లోపలిది కొంత బయటికి పోయి ఇంకా సన్నబడుతుంది. వెలుగు ముందుకు చెదిరేది తగ్గుతుంది, పక్కకి చెదిరేదీ మారుతుంది. పుస్తకంలో చదివాను. పరీక్షలో రాశాను కూడా. నేను పచ్చి రక్తానికి గీసిన గేటులో ఉడికిన రక్తం పోశాను.

ఎదురుగా కనక ఉంది. రెండడుగులు వేసి చెప్పేస్తే అయిపోయేది. ముందు ఖాయం చేసుకోవాలి కదా అనుకున్నాను. జీపెక్కేశాను.

మార్చి 1, శుక్రవారం

నా రక్తమే తీసుకుని మూడు భాగాలు చేశాను. ఒకటి పచ్చిగా. ఒకటి మందు, మిథనాల్, ఐసు మీద అరగంట. ఇంకోటి ఐసు కరిగి నీళ్లయ్యేదాకా మిథనాల్‌లో వదిలేశాను.

మొదటిది గేటు నిండా కూర్చుంది. రెండోది ఎడమకి జరిగి గేటు బయట పడింది. మూడోది ఇంకా జరిగి అడ్డుగీత మీద సగం తెగింది. కనక మబ్బు సరిగ్గా ఇదే. అడ్డుగీత ఇంకా ఎడమకి జరిపి, మందు వేసిన కణాలకి తగ్గట్టు గేటు కొత్తగా గీశాను. అన్నీ ఉన్నాయి. నావే, నా ఒంట్లోవే, ఒక్కటీ ఎక్కడికీ పోలేదు.

మూడోది ఎందుకు చేశానంటే, అరగంట కాదు కాబట్టి. మిథనాల్ పోసిన రోజు పొద్దున ట్యూబులన్నీ తీసి కనకది ఒక్కటి మిగిలుండగా కిటికీ దగ్గర మంచు చూస్తూ నిద్రపోయాను. లేచేసరికి ఐసు లేదు, ఎండ వచ్చేసింది. గడియారం చూసుకున్నాను. మిథనాల్ పోసి మూడు గంటలకి పైనే అయింది. డైరీలో అరగంట అని రాశాను. ఎవరూ చదవని డైరీలో కూడా అబద్ధం రాశాను.

మార్చి 2, శనివారం

ప్రసన్న మేడమ్‌కి అంతా చెప్పాను. నిద్ర సంగతి, సంతలో చెప్పిన సంగతి, పోల్చి చూడని సంగతి.  

"చూశావా అని అడిగితే చూశానన్నావు."

"చూడలేదు మేడమ్."

"పిల్ల ఎలా ఉంది?"

"నీరసంగా ఉంది."

"ముందు కొండెక్కు. పిల్లని ఆసుపత్రిలో డాక్టరుకి చూపించు. తల్లి రక్తం తాజాగా తీసి మళ్లీ చెయ్యి. నీ ఉద్యోగం సంగతి తర్వాత."

మార్చి 3, ఆదివారం

జీపు లేదన్నారు. నిజం చెప్పాలంటే నేను అడగలేదు.

మార్చి 4, సోమవారం

చెప్పాను. కనకా, నీ రక్తంలో ఏ రోగమూ కనబడలేదు, తప్పు నాది, మందు వేశాక సన్నబడిన కణాల్ని నేను లెక్కపెట్టలేదు అని చెప్పాను. ఏడవకూడదని అనుకున్నాను. ఏడ్చాను.

కనక ఏడవలేదు. "ఆ పొద్దు నువ్వు సెప్తే నమ్మినాను," అంది. "ఈ పొద్దూ నువ్వే సెప్తన్నావు. ఏది నమ్మాలి?"

 ముత్యాలమ్మ లోపలికి వెళ్లి పిల్లని తెచ్చి కోడలి ఒళ్లో పెట్టింది. పిల్ల రొమ్ము పట్టింది, లాగింది, ఏమీ రాక మొహం తిప్పుకుని ఏడ్చింది. ముగ్గురం దాన్నే చూస్తూ కూర్చున్నాం.

"నేను వత్తాను," అంది కనక చివరికి. "నా కళ్లతో సూత్తాను."

మార్చి 6, బుధవారం

పొద్దున్నే పిల్లని డాక్టరుకి చూపించాం. మందులిచ్చారు, గండం లేదన్నారు. పిల్లని మళ్లీ మళ్లీ రొమ్ముకి పెట్టమని, పాలు మళ్లీ రావచ్చని అన్నారు. కనకకి కూడా మిగతా పరీక్షలన్నీ చేశారు. ఏమీ లేదు.

తర్వాత ల్యాబుకి వచ్చింది. తన ముందే రక్తం తీసి సగం పచ్చిగా ఉంచాను, సగానికి మందులు వేశాను. ఈసారి గడియారం తన చేతికిచ్చాను. ఆమె ఆ అరగంటా ముల్లు మీద నుంచి చూపు తియ్యలేదు.

తెర మీద చుక్కలు రాలాయి. పచ్చివి కుడివైపు పెద్ద మబ్బయ్యాయి. మందు వేసినవి ఎడమన చిన్న మబ్బయ్యాయి. కనక దగ్గరికొచ్చి తెర మీద వేలు పెట్టింది.

"ఇందులో నాయివేవి?"

"రెండూ నీవే."

"మందేసే సరికి సన్నబడినాయి. నీకు అవుపడనేదు. అంతేనా?"

"అంతే."

"అయ్యక్కడే ఉన్నాయి కదా అప్పుడూనూ."

"ఉన్నాయి."

ఆమె వేలు ఆ చిన్న మబ్బు మీద అలాగే ఉంచి, "దీనికోసం నా గుంట ఇరవై అయిదు పొద్దులు ఏడిసింది," అంది. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది.

వెళ్లేటప్పుడు గుమ్మంలో ఆగి, "నాకు సెప్పేవు సరే. మా ఊరికెవులు సెప్తారు? మా ఇంట్లో ఇంకా ఎవులూ నీల్లు తాగరు," అంది.

మార్చి 12, మంగళవారం

పాత ఫలితాలన్నీ కొత్త గేటుతో మళ్లీ చూశాను. కనకది కాక మిగతా పదకొండు మందివీ సరిగ్గానే ఉన్నాయి. కొండ మీద తిండి గురించి రాసిన ముక్క కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

మేడమ్ చెప్పారు. నెలాఖరుకి నా స్థానంలో వేరే ఎవరో వస్తారు. ఆ లోపు జీలుగుపుట్టు వెళ్లి చెప్పవలసింది చెప్పి రమ్మన్నారు.

మార్చి 17, ఆదివారం

వరహాలరావు గారి కబురు: "గుంటని రొమ్ము మీదే అట్టిపెడతందండి. వత్తే వచ్చింది, నేకపోతే నేదని. ముసిల్ది ములగాకు, ఎండుసేప వండి పెడతంది. పాలింకా రానేదు."

మార్చి 25, సోమవారం

రెండు రోజుల కిందట వాన పడింది. దారి పొడుగునా కాఫీ తోటలు పూశాయి. కొమ్మలన్నీ తెల్లగా, మంచు ఏదో పువ్వు ఏదో తెలియకుండా ఉన్నాయి. వాసన జీపులోకి వచ్చి పడుతోంది. ఇంకెప్పుడు వస్తానో అని కళ్లు మూసుకుని పీల్చాను.

బడి వరండాలో ఊరంతా కూర్చుంది. నేను నిలబడి చెప్పాను. మీ రక్తం బాగుంది. కనక రక్తం బాగుంది. ఆ ఇంట్లో ఏ రోగమూ లేదు. తప్పు నాది. నిద్రపోయాను, సరిచూడలేదు, అడిగితే అబద్ధం చెప్పాను. పచ్చిపసుపు తట్టలో ఎండు పసుపు పోశాను అన్నాను. ఆ ముక్క మాత్రం అందరికీ అర్థమైంది. ఒకరిద్దరు తలలూపారు. ఎవరూ నవ్వలేదు.

వెనక నుంచి ఒక పెద్దాయన, "మరి ఈ పొద్దు మల్లీ సూదులు తెచ్చినావేటి?" అన్నాడు.

"ఈసారి సరిగ్గా చూడాలని. ఇష్టమైతేనే ఇవ్వండి. ఇవ్వకపోయినా తప్పు లేదు."

ఎవరూ లేవలేదు. నేను పెట్టె సర్దుకుందామని ఒంగాను.

అప్పుడు కనక పిల్లని ముత్యాలమ్మ చేతికిచ్చి వచ్చి నా ఎదుట కూర్చుంది. మొదటిసారిలాగే చెయ్యి చాచింది. నేను పట్టీ కట్టాను.  వెనకాల ముత్యాలమ్మ ఒళ్లో పిల్ల ఏడుపు అందుకుంది. ఈసారి బలంగా, ఊరంతా వినేలా ఏడ్చింది.

నేను నరం కోసం చూస్తున్నాను. చూస్తుండగా కనక జాకెట్టు మీద తడి కనబడింది. మొదట రూపాయి బిళ్లంత. తర్వాత అరచెయ్యంత. ఆమె నా చూపు చూసింది, కిందకి చూసుకుంది. 

"పట్టీ ఇప్పు," అంది.

విప్పాను.

"సూది తర్వాత. ముందు దీనికి."

పిల్లని తీసుకుని నాకు వీపు పెట్టి కూర్చుంది. కాసేపటికి ఏడుపు ఆగింది. ముత్యాలమ్మ తన ఇంటికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి వరండా మెట్టు మీద పెట్టింది. అందరూ ఆ చెంబు వైపు చూశారు. ఇందాకటి పెద్దాయన లేచి వచ్చి ఎత్తిపోసుకుని తాగాడు. తర్వాత పక్కవాడికి అందించాడు.

నేను ఖాళీ ట్యూబు చేత్తో పట్టుకుని కూర్చున్నాను. ఎంతసేపో గడియారం చూసుకోలేదు.